కబేళా కడతారు సరే, డాక్టర్ ఎక్కడ?

సంపాదకుడు గారికి,

మా పట్టణ శివారులో కొత్త కబేళా కడతామని మున్సిపాలిటీ ప్రకటించినప్పటి నుంచి ఊళ్లో ఒకటే రగడ. పక్కనున్న కొత్త కాలనీవాళ్లు వాసన, కుక్కలు, ప్లాట్ల ధరలు అంటున్నారు. జంతుప్రేమికులు మూగజీవాల ఉసురు పోసుకోవద్దు, అసలు కబేళానే వద్దంటున్నారు. మటన్ షాపులవాళ్లకు దూరం, ఫీజుల టెన్షన్. ఫంక్షన్ హాల్లో పెట్టిన మీటింగు కాస్తా కోసేది హలాలా, ఝట్కానా (ఒక్క వేటుకు నరకడం) అన్న దగ్గరికి పోయి అరుపులతో ముగిసింది. పశుసంవర్ధక శాఖలో కింది స్థాయి ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. ఎవరో ఒకరు అడుగుతారని చివరిదాకా కూర్చున్న ప్రశ్న ఒకటుంది, ఎవరూ అడగలేదు. అక్కడ జీవాలను పరీక్షించే డాక్టర్లు ఎంతమంది?

జంతుహింస నివారణ చట్టం 1960లో వచ్చింది. దాని కింద కబేళాలకు 2001లో విడిగా నిబంధనలు పెట్టారు. వాటి ప్రకారం ఒక వెటర్నరీ డాక్టర్ గంటకు 12, రోజు మొత్తంలో 96 జీవాలకు మించి పరీక్షించకూడదు. అంటే ఒక్కోదానికి అయిదు నిమిషాలు. కనురెప్ప తిప్పి రంగు చూడాలి, ముక్కు కారుతోందా, జ్వరముందా, నడక సరిగ్గా ఉందా చూడాలి. ఆడదైతే పొట్ట కింద చెయ్యి పెట్టి చూడిదో కాదో తేల్చాలి. చూడి జీవాన్ని కోయకూడదు. మూడు నెలలు నిండని పిల్లనూ, అలాంటి పిల్ల ఉన్న తల్లినీ కోయకూడదు. పరీక్షలో పాసైన జీవాన్ని 24 గంటలు విశ్రాంతిగా ఉంచాలి. ఇంకో జీవం చూస్తుండగా కోయకూడదు. జంతుప్రేమికులు కోరే దయలో సగం ఈ నిబంధనల్లోనే ఉంది. అమలు చేసే మనిషి ఉంటేనే కదా!

ఇప్పుడేం జరుగుతోందో చూడాలంటే ఆదివారం తెల్లవారుజామున మార్కెట్ వెనక సందులోకి పోవాలి. రాత్రి డీసీఎం వ్యానులో కుక్కుకొచ్చిన యాటలను కరెంటు స్తంభానికి వరసగా కట్టేస్తారు. మొదటిదాన్ని కోస్తుంటే మిగతావి తాడు తెంచుకోవాలని మెడలు లాగుతుంటాయి. రక్తం మోరీలోకి, మోరీ చెరువులోకి. చూడి గొర్రెను కోసి, పేగులతో పాటు కళ్లు తెరవని పిల్లను పారేసిన సంగతులు ఆ సందులో అందరికీ తెలుసు. డాక్టర్ సంగతి దేవుడెరుగు, పరీక్షించిన మాంసమని ముద్ర వేసేవాడు కూడా ఉండడు. నేను పనిచేసిన ఒక ఊళ్లో ముద్ర ఉండేది, కాకపోతే అది అటెండర్ సంచిలో ఉండేది.

అందుకే 'కబేళా వద్దు' అనే మిత్రులతో నాకు పేచీ. ఊరు మటన్ తినడం మానేయదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఎక్కువ గొర్రెలున్న రాష్ట్రం తెలంగాణ. సుమారు కోటీ తొంభై లక్షలు. బోనాలకూ దసరాకూ యాట తెగాల్సిందే. 2025లో దసరా గాంధీ జయంతి నాడే వచ్చింది. ఆ రోజు షాపులు మూసినంత మాత్రాన పండగపూట ఎన్ని ఇళ్లలో మటన్ వండలేదు? కబేళా ఆగితే ఆగేది కబేళానే, ఆ సందు కాదు. పైగా జంతువును హింసిస్తే మొదటి తప్పుకు 1960 చట్టంలో జరిమానా పది నుంచి యాభై రూపాయలు. పావుకిలో కార్జం కూడా రాదు ఆ డబ్బుకి.

షాపులవాళ్ల బాధ నిజమైనదే. గిరాకీ కళ్లెదుట కోస్తేనే నమ్ముతాడు. ఆడ గొర్రెను పోతు అని అమ్ముతారేమోనని అనుమానం, అందుకే వేలాడేసిన యాటకు వృషణాలు వదిలేసి మరీ చూపిస్తారు. కబేళాలో కోసుకొస్తే తన తలకాయ, కాళ్లు, బోటి పక్కవాడివాటిలో కలిసిపోతాయని కటికాయన భయం. దీనికి మందు ప్రతి జీవానికీ నంబరు బిళ్ల, కోసిన మాంసం మీద స్పష్టమైన ముద్ర. ముద్ర చూసి కొనడం మనమూ అలవాటు చేసుకోవాలి. ఆ సందు నడిచేది మన అనుమానం మీదే.

ఇక కాలనీవాళ్ల మాట. వాసన గురించి వాళ్లన్నది కొట్టిపారేయకూడదు. స్థలం చెరువు ఎగువన ఉంది, రక్తం కడిగిన నీళ్లు శుద్ధి కాకుండా వదిలితే నేరుగా అందులోకే. శుద్ధి ప్లాంటు ఒక్కటే సరిపోదు, అది నడవడానికి కరెంటు బిల్లు ఎవరు కడతారో కూడా రాసుకోవాలి. స్థలం చెరువు దిగువకు మారిస్తే ఇంకా మంచిది.

మళ్లీ డాక్టర్ దగ్గరికి వస్తాను. మామూలు రోజుల్లో ఒక్కరు సరిపోవచ్చు. ఆదివారాలకు, పండగలకు 96 ఏ మూలకూ చాలదు. మండలంలో ఉన్న ఒక్క డాక్టర్‌కే ఇన్‌ఛార్జి అని ఇచ్చి చేతులు దులుపుకుంటే, పొద్దున ఆస్పత్రిలో బర్రెలకు సూదులు వేసే మనిషి రాత్రి రెండు గంటలకు కబేళాలో ఎలా ఉంటాడు? అప్పుడు ముద్ర మళ్లీ అటెండర్ చేతికే పోతుంది. కొత్త కబేళాకు టైల్స్ మాత్రం మెరుస్తుంటాయి.

కౌన్సిల్ తీర్మానానికి ముందు చైర్మన్ గారినీ కమిషనర్ గారినీ నేను కోరేది ఒక్క కాగితం. డాక్టర్ పోస్టులెన్ని మంజూరయ్యాయి, ఆదివారం డ్యూటీ ఎవరిది, జీతం ఏ పద్దు నుంచి? అది నోటీసు బోర్డు మీద పెడితే, కాలనీకి వెళ్లి ఇంటింటికీ మాట్లాడే పని మాలాంటి రిటైరైనవాళ్లం తీసుకుంటాం. పెట్టకపోతే వచ్చే మీటింగులో నేనూ 'వద్దు' అనేవాళ్ల వరసలోనే కూర్చుంటాను.

— ఒక పాఠకుడు,
రిటైర్డ్ పశుసంవర్ధక శాఖ ఉద్యోగి