పఫర్ చేపకి ఏ నీళ్ళు కావాలో తొట్టి మీద రాసి అమ్మాలి

సంపాదకుడు గారికి నమస్కారం,

పేపర్లో కుక్కల గురించి, పిల్లుల గురించి ఉత్తరాలు వస్తుంటాయి కానీ ఇంట్లో పెంచుకునే చేపల గురించి ఎవరూ రాయగా చూళ్ళేదు, అందుకే రాస్తున్నా. మాది చెన్నై పెరంబూరు. రెండేళ్ళ కిందట మా పాప పుట్టినరోజుకి ఒక అక్వేరియం షాపుకెళ్తే అక్కడ చిన్న చిన్న పఫర్ చేపలు కనిపించాయి, ఆకుపచ్చ వీపు మీద నల్ల చుక్కలు, తెల్లటి పొట్ట. షాపతను ఒకదాన్ని వలతో పైకెత్తి చూపించాడు, అది నిమ్మకాయలా ఉబ్బిపోయింది, పాప చప్పట్లు కొట్టింది, నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది. అది ఆట కాదండీ, ప్రాణభయం. నీళ్ళల్లో ఉంటే నీళ్ళు మింగి ఉబ్బుతుంది, బయటికి తీస్తే గాలి మింగుతుంది, ఆ గాలి మళ్ళీ బయటికి రాకపోతే తిరగబడి తేలుతూ చచ్చిపోవచ్చు కూడా.

"మామూలు నీళ్ళు చాలమ్మా, ఏదేసినా తింటుంది" అన్నాడు. రెండు కొన్నాం. ఆ రెండు మాటలూ తప్పేనని తెలిసేసరికి ఒకటి పోయింది.

ఈ పచ్చ చుక్కల పఫర్ నది సముద్రంలో కలిసే చోట, మన అడయారు ముఖద్వారం లాంటి చోట్ల ఉండే ఉప్పు కలిసిన నీళ్ళ చేప. పిల్లగా ఉన్నప్పుడు మంచినీళ్ళల్లో కొన్నాళ్ళు బాగానే తిరుగుతుంది, అందుకే అమ్మేవాళ్ళకీ కొనేవాళ్ళకీ తేడా తెలీదు, పెద్దవుతున్నకొద్దీ ఉప్పు లేక నీరసించిపోతుంది. ఉప్పంటే వంటింటి ఉప్పు కాదు, అక్వేరియం వాళ్ళు అమ్మే మెరైన్ సాల్ట్. ఆరంగుళాల చేప అవుతుంది, దానికి వంద లీటర్లు దాటిన తొట్టి కావాలి. మేము పెట్టింది ఇరవై లీటర్లది, అందులో రెండూ ఒకదాని తోక ఒకటి కొరుక్కున్నాయి.

ఇంక పళ్ళ సంగతి. దీని నోరు చిలక ముక్కులా ఉంటుంది, ఆ పళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, నత్త గుల్లల్లాంటి గట్టివి కొరికితేనే అరుగుతాయి. మేము ప్యాకెట్ మేత, మెత్తటి రొయ్య ముక్కలు వేశాం. కొన్ని నెలలకి ముక్క నోటిదాకా వచ్చి జారిపోయేది, అది మళ్ళీ మళ్ళీ ప్రయత్నించేది, రెండు కళ్ళూ రెండు వైపులా తిప్పుతూ అద్దం దగ్గరికొచ్చి నావైపు చూసేది. ఆకలితో ఉందని అర్థమయ్యేసరికి నాకు ఏడుపొచ్చింది. కొలత్తూరులో రంగు చేపలు పెంచే ఒక పెద్దాయన మెరైన్ సాల్ట్ ఎంత కలపాలో చూపించి, మొక్కలతో వచ్చే చిన్న నత్తల్ని ఒక డబ్బా నిండా ఇచ్చారు, ఆయన దయవల్లే రెండోది ఇవాళ్టికీ ఉంది. పాప దానికి గుండు అని పేరు పెట్టింది. పఫర్ ఒంట్లో విషం ఉంటుంది కదా అని పక్కింటి వాళ్ళు భయపడతారు, తింటేనే ప్రమాదం, తొట్టిలో ఉన్నదాని వల్ల ఎవరికీ ఏమీ కాదు.

అదే షాపులో పక్క తొట్టిలో ఇంకో పఫర్ ఉంది, బఠాణీ గింజంత, పెద్దదైనా మూడున్నర సెంటీమీటర్లు దాటదు. కేరళ, కర్ణాటక పడమటి కనుమల ఏరుల్లోది, పూర్తిగా మంచినీళ్ళ చేప, దానికి ఉప్పు అక్కర్లేదు. వాగుల్లో దాని సంఖ్య తగ్గిపోతోందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ముప్పులో ఉన్న జాతుల్లో చేర్చింది. రెండు తొట్లమీదా రాసింది ఒకటే, పఫర్. ఒకదాని పద్ధతిలో రెండోదాన్ని పెంచితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా.

1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో జంతువు అంటే మనిషి కాని ఏ ప్రాణి అయినా అని ఉంది, అంటే చేప కూడా. అందుకని మత్స్యశాఖ వాళ్ళనీ కార్పొరేషన్ వాళ్ళనీ ఒక్కటే అడుగుతున్నా, ప్రతి తొట్టి అద్దం మీదా చేప పేరు, ఎంత పెరుగుతుంది, ఏ నీళ్ళు, ఏం తింటుంది, ఈ నాలుగూ తమిళంలో, ఇంగ్లీషులో రాయడం తప్పనిసరి చెయ్యండి, చీటీ అంటించడానికి పెద్ద ఖర్చు కూడా అవదు. పిల్లల ముందు ఉబ్బించి చూపించడం మాత్రం ఈ రోజు నుంచే ఆపించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై