పిల్లల గురించి పిల్లలనే రాయనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఆదోని డివిజన్‌లోని హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి రిటైర్ అయినదాన్ని. పిల్లల ప్రోగ్రెస్ కార్డు గురించి ఒక మాట మీ పత్రిక ద్వారా చెప్పుకోవాలని రాస్తున్నాను.

కార్డులో టీచరు అంచనాతో పాటు పిల్లలు తమ గురించి తాము చెప్పుకునేది, తోటిపిల్లలు చెప్పేది కూడా ఉండాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం చెప్పింది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టి తల్లిదండ్రులను బడికి పిలిచినప్పుడు, ఇక ఈ మాట కూడా ఆచరణలోకి వస్తుందని సంతోషపడ్డాను. ఆ తర్వాత ఒక బడికి వెళ్లినప్పుడు ‘నా గురించి నేను’ అని పిల్లలతో రాయించిన కాగితాలు చూశాను. ముప్పై ఎనిమిది కాగితాలు, అన్నింట్లోనూ ఒకటే రాత: ‘నేను క్రమశిక్షణ గల విద్యార్థిని. నాకు చదువంటే ఇష్టం.’ బోర్డు మీద రాస్తే చూసి ఎక్కించారు. ఆ టీచరు మీద నాకు కోపం లేదు. హాజరు యాప్‌లు, ఫొటోలు, సిలబస్ మధ్య ఆమెకు దొరికింది పది నిమిషాలు. కానీ ఆ కాగితాల వల్ల ఏ పిల్లకూ ఏమీ ఒరగలేదు.

నేను సర్వీసులో ఉన్న చివరి సంవత్సరాల్లో జరిగింది చెబుతాను. మా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల్లో వానలు మోసం చేస్తే సుగ్గి, అంటే కూలిపనులకు వలస పోవడం, తప్పదు. ఊళ్లకు ఊళ్లు మిరపకోతలకు గుంటూరు వైపు పోతాయి. సీజనల్ హాస్టళ్లు ఉన్నా అందరూ పిల్లలను వదిలి పోలేరు. అట్లా పోయి ఉగాదికి తిరిగొచ్చిన ఎనిమిదో తరగతి పిల్లకు ఒక కాగితం ఇచ్చి, నీకు బాగా వచ్చిన పనులు రాయమన్నాను. ‘ఏమీ రావు’ అని రాసిచ్చింది.

‘‘ఏమీ రాకపోవడమేంది?’’ అంటే, ‘‘తొమ్మిదో ఎక్కమే రాదు టీచర్’’ అంది.

‘‘అక్కడ అన్నం ఎవరు వండేది?’’

‘‘మాయమ్మ చేనికి పోతాండె. నేనే రొట్టెలు చేస్తాంటి. ఆరుగురికి.’’

చిన్న తమ్ముణ్ని చూసుకునేదీ ఆ పిల్లే. అక్కడ కోసిన కిలోలను బట్టి కూలి. సాయంత్రం కాటా వేసేటప్పుడు ఎవరివి ఎన్ని కిలోలో ఈమె నోటుపుస్తకం వెనక పేజీల్లో రాసిపెట్టేది. ఒక వారం లెక్క చూసేటప్పుడు తల్లి పేరు కింద పద్నాలుగు కిలోలు తక్కువ చెప్పారట. పుస్తకం తీసుకుని మేస్త్రీ దగ్గరికి పోయింది.

‘‘భయం కాలేదా?’’

‘‘అయింది టీచర్. అయినా పోతి. సరిచేసినాడు.’’

ఆ పుస్తకం నేను చూశాను. చెమటకు ఇంకు పాకి, మిరప మరకలు పడి ఉంది. తేదీ వారీగా గీతలు కొట్టి, ఏ రోజుకు ఆ రోజు కూడిక వేసుంది.

బడుల్లో నేర్పాల్సిన జీవన నైపుణ్యాలు పది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలోనే చెప్పింది. నిర్ణయం తీసుకోవడం, సమస్యకు దారి వెతకడం, ఎదుటివారితో సరిగ్గా మాట్లాడటం, భయాన్నీ కోపాన్నీ అదుపులో పెట్టుకోవడం, ఎదుటివారి బాధ తెలుసుకోవడం, తన్ను తాను తెలుసుకోవడం అందులోవే. ఆ పిల్లకు వీటిలో చాలా వచ్చు. రానిది చివరిదొక్కటే. తనకు వచ్చన్న సంగతి తనకు తెలియదు. తెలియకపోతే ఆ బలం రేపు పదో తరగతి పరీక్ష తప్పినప్పుడో, పెళ్లికి తొందరపెట్టినప్పుడో అక్కరకు రాదు.

సుగ్గిలో ఇంత నేర్చుకుందని సుగ్గి మంచిదని అనడం లేదు. ఆ వయసు పిల్ల ఆరుగురికి వండాల్సి రావడం అన్యాయం. ఈ ప్రాంతానికి సాగునీళ్లు వచ్చేదాకా ఆ అన్యాయం గురించి మాట్లాడుతూనే ఉండాలి. కానీ నాలుగు నెలలు ఇంత బరువు మోసి వచ్చిన పిల్లకు మనం మొదటి రోజే ‘నువ్వు వెనకబడ్డావు’ అని పరీక్ష పెట్టి చెబుతున్నాం. నా బాధ అది.

ఆ తర్వాత నేను అడిగే తీరు మార్చుకున్నాను. ‘నీ బలాలేమిటి’ అంటే పెద్దవాళ్లమే చెప్పలేం. ‘ఈ నెలలో నీకు కష్టమైన పని ఏది, అప్పుడేం చేశావు’ అని అడిగితే మాట దానంతట అదే వస్తుంది. చెప్పింది విని, పక్కన కూర్చున్న పిల్లను ‘ఇందులో ఈమె మంచితనం ఏముంది’ అని అడగాలి. మార్కులు వేయకూడదు. దయకు పదికి ఏడు, ధైర్యానికి పదికి ఆరు అని వేసి గోడకు అంటించిన చోట్లున్నాయి. అది చూసిన పిల్లలకు ఇంకో ర్యాంకు వచ్చిపడ్డట్టే.

రానివి కూడా రాయించాలి. ‘బాధ కలిగితే ఎవరికి చెబుతావు’ అనే ప్రశ్న దగ్గర సగం మందికి పైగా ఖాళీ వదిలేసేవారు. ధైర్యంగా మేస్త్రీని అడిగిన పిల్ల కూడా అక్కడ ఏమీ రాయలేదు. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో పేపర్లలో వచ్చే వార్తలు చదివినప్పుడల్లా నాకు ఆ ఖాళీలు గుర్తొస్తాయి. కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక సాయం ఫోన్‌లైను ఉంది, 14416కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా పగలూ రాత్రీ తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు ప్రతి ప్రోగ్రెస్ కార్డు వెనక పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించాలని విద్యాశాఖను కోరుతున్నాను.

పెద్దలకూ ఈ అలవాటు కావాలి. రిటైరయ్యాక నాకు నిద్ర పట్టేది కాదు, ఊరికే టెన్షన్. ప్రపంచ ఆరోగ్య సంస్థవే ఐదు ప్రశ్నలున్నాయి. గడిచిన రెండు వారాల్లో ఉల్లాసంగా ఉన్నానా, నెమ్మదిగా ఉన్నానా, చురుగ్గా ఉన్నానా, అలసట తీరి నిద్ర లేచానా, రోజులో మనసుకు నచ్చిన పనులున్నాయా అని. ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు వేసుకోవాలి. మొత్తం 25కు 13 కన్నా తగ్గితే డాక్టరుతో మాట్లాడటం మంచిది. జబ్బు ఇదీ అని తేల్చే పరీక్ష కాదది. నాకు 11 వచ్చింది. డాక్టరు దగ్గరికి పోయాను, మాట్లాడాను, ఇప్పుడు నయం. పేరెంట్ మీటింగులకు వచ్చే తల్లులకు ఈ ఐదు ప్రశ్నలు చదివి వినిపించినా చాలు, చాలామంది ఇంటికి పోయి ఆలోచించుకుంటారు.

మండల విద్యాధికారులకు నా మనవి ఒకటే. సుగ్గి నుంచి వచ్చిన పిల్లలకు మొదటి వారం ఏ పరీక్షా పెట్టకుండా, ఒక పీరియడ్ పూర్తిగా ఇచ్చి, బోర్డు మీద ఏమీ రాయకుండా, వాళ్ల మాటల్లోనే వాళ్ల గురించి రాయించండి. రాయడం రాని పిల్ల చెబితే టీచరు రాసిపెట్టవచ్చు. ఆ కాగితాన్ని కార్డుకు జతచేసి, తల్లిదండ్రులు వచ్చినప్పుడు మార్కుల కంటే ముందు అదే చదివి వినిపించండి. ఆదోని చుట్టుపక్కల ఏ బడివాళ్లు పిలిచినా నేను వచ్చి కూర్చుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
ఆదోని, కర్నూలు జిల్లా