చెత్త షెడ్డుకు వెళ్లేముందు సుధాకర్‌కు

ప్రియమైన సుధాకర్,

నీ ఉత్తరం చేరి పది రోజులైంది. ఇంకా జవాబు రాలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, నాకు అలవాటే. నువ్వు అడిగింది ఒక్క ముక్కలో తేలే సంగతి కాదని ఆదివారం దాకా ఆగాను.

చెత్త వేరుచేసే కేంద్రానికి ఇన్‌చార్జిగా వెళ్తున్నావని తెలిసి నిజంగా సంతోషించాను. "వాసనకు రెండు వారాల్లో అలవాటు పడిపోతారట, ఇక భయపడాల్సింది ఏమైనా ఉందా?" అని రాశావు. ఉంది. ఆ అలవాటు పడడం దగ్గరే మొదలవుతుంది.

కొన్నాళ్లు నేను ఇలాంటి షెడ్లలో గాలి నమూనాలు తీసే పని చేశాను, గుర్తుందా? పనివాళ్ల నడుముకు చిన్న పంపు కట్టి, కాలరు దగ్గర ఫిల్టరు తగిలించి, షిఫ్టు అయ్యాక విప్పుకోవడం. ఒకరోజు ఉదయం చెత్త కదిలే బెల్టు మీద ఒక సంచి వచ్చింది. మూతి బిగించి ముడి వేసి ఉంది, ఎన్ని రోజుల నుంచి అలా మూసి ఉందో. బెల్టు పక్కన నిలబడ్డ ఒకావిడ దాన్ని కొక్కెంతో చీల్చింది. లోపల ఉన్నది రొట్టో గింజలో పోల్చుకోలేనంతగా ఆకుపచ్చ బూజు కమ్మేసి ఉంది. చీలిన చోటు నుంచి సన్నని పొగలాంటిది లేచింది. ఆవిడ ముఖం పక్కకు తిప్పి, ఊపిరి బిగబట్టి, నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగి మళ్లీ పనిలో పడింది. ఘాటు తగ్గింది కాబట్టి పొగ పోయిందని ఆవిడ లెక్క. ఆ రోజు నేనూ అలాగే అనుకున్నాను.

ఆ పొగ బూజు తాలూకు సిద్ధబీజాలు, అంటే బూజు గాల్లోకి వదిలే విత్తనాల్లాంటివి. ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు బీజం రెండు మూడు మైక్రోమీటర్లకు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రోమీటరు) మించదు. అంత చిన్న కణం కదలని గాలిలో మనిషి ఎత్తు నుంచి నేలకు దిగడానికే గంటకు పైగా పడుతుంది. షెడ్డులో గాలి కదలకుండా ఎక్కడ ఉంటుంది? బెల్టు తిరుగుతుంది, లారీలు వస్తాయి, పోతాయి. కిందికి దిగినది మళ్లీ లేస్తుంది. ముక్కు, గొంతు ఆపలేని పరిమాణం అది. తిన్నగా ఊపిరితిత్తుల చివర ఉండే గాలి గదుల దాకా వెళ్తుంది.

ఇక్కడ రెండు వేర్వేరు బాధలను ఒకే గాటన కట్టేస్తుంటారు, నువ్వు మాత్రం విడదీసి చూడు. ఒకటి బూజు బీజాలు, చెత్త దుమ్ము నేరుగా చేసే హాని: దగ్గు, ఉబ్బసం, ఎలర్జీ. డెన్మార్క్‌లో 1986లో కొత్తగా తెరిచిన ఒక చెత్త వేరుచేసే కేంద్రంలో ఉన్నదే 15 మంది. కొద్ది నెలల్లోనే వాళ్లలో సగానికి పైగా ఉబ్బసం తెచ్చుకున్నారు. రెండోది బూజు తయారుచేసే విషాలు, మైకోటాక్సిన్లు. ఇవి ఆవిరై గాలిలో కలిసేవి కావు. బీజాల మీద, దుమ్ము మీద సవారీ చేస్తాయి. బూజు చచ్చినా విషం చావదు. వాటిలో ఒకటైన అఫ్లాటాక్సిన్ అయితే వంటింటి మంటకు కూడా లొంగదు. మనకు తగిలే ముక్కిపోయిన వాసన వేరే పదార్థాలది, విషానిది కాదు. వాసన లేని దుమ్ములో విషం ఉండవచ్చు, ముక్కు పగిలే కంపులో లేకపోనూవచ్చు. ముక్కును నమ్ముకుంటే నట్టేట మునిగినట్టే.

అఫ్లాటాక్సిన్ సంగతి లోకానికి తెలిసిన తీరు విచిత్రం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టకుండా చచ్చిపోయాయి. వెతగ్గా వెతగ్గా బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. దాన్ని పట్టిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పేరు మీదే ఆ విషానికి పేరు పెట్టారు. కాలేయ క్యాన్సరుకు దారితీస్తుందని రుజువై, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మొదటి వర్గంలో చేర్చింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేలిన వాటి వరుసలో. తిండిగింజల్లో దాన్ని కిలోకు ఇన్ని మైక్రోగ్రాములు అని లెక్కగట్టి, మించితే ఆ సరుకును పక్కన పెడతారు. మంచిదే.

పక్కన పెట్టినది ఎక్కడికి పోతుంది సుధాకర్? కాలేయం మీద ఇంత శ్రద్ధ పెట్టి మనం పారేసిన బస్తా, తేమ తగిలి ఇంకా బూజెక్కి, చివరికి ఒకరి చేతుల మధ్య చిరుగుతుంది. తినే నోటికి హద్దు గీశారు. పీల్చే ముక్కుకు, పనిచేసే చోటి గాలికి, ఈ విషాల విషయంలో చాలా దేశాల్లో హద్దే లేదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఇది ఊహ అనుకోకు. పోర్చుగల్‌లో ఒక చెత్త వేరుచేసే కేంద్రంలో 41 మంది కార్మికుల రక్తం పరీక్షించారు. అందరిలోనూ అఫ్లాటాక్సిన్‌లో ఒక రకమైన బి1 కనిపించింది. పోల్చి చూడడానికి తీసుకున్న 30 మంది బయటివాళ్లలో ఒక్కరిలోనూ పరీక్షకు అందేంత లేదు. ఆ 41 మందికీ జబ్బు వస్తుందని కాదు దాని అర్థం. ఆ షెడ్డు గాలిలోనిది వాళ్ల ఒంట్లోకి చేరుతోందని అర్థం.

నిన్ను ఎక్కువ భయపెట్టాలని లేదు గానీ, ఒక్క సంగతి నొక్కి చెప్తాను. కాలేయానికి సోకే వైరస్ జబ్బు హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు అఫ్లాటాక్సిన్ తోడైతే కాలేయ క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. చెత్తలో వాడిపారేసిన సూదులు వస్తాయి, గుచ్చుకుంటాయి, వాటితో వచ్చే జబ్బుల్లో హెపటైటిస్ బి ఒకటి. రెండు ముప్పులూ ఒకే మనిషి మీద పడే పని ఇది. టీకా ఉంది. మూడు మోతాదులు: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. యంత్రాల సంగతి తర్వాత, వెళ్లగానే ఎవరికి టీకా పడింది, ఎవరికి పడలేదు అని జాబితా రాయించు. నీ పేరు కూడా అందులో ఉండాలి.

ఇక మాస్కులు. నువ్వు వాటి గురించీ అడిగావు, నేను చివరికి తెచ్చాను. గుడ్డ మాస్కు, ఆసుపత్రి మాస్కు ఈ దుమ్ముకు చాలవు. అంచుల వెంబడి గాలి దూరిపోతుంది. ఎన్95 రకం కావాలి, అదీ ముఖానికి అతుక్కుని ఉండాలి. గడ్డం ఉంటే అతుక్కోదు (నీ గడ్డం మీద నీకెంత మమకారమో తెలుసు, ఆలోచించుకో). చెమటకు తడిసిన మాస్కును మేకుకు తగిలించి రేపు మళ్లీ పెట్టుకుంటే, బూజుకు మనమే ఇల్లు కట్టిచ్చినట్టు. అసలు మాస్కు ఆఖరి అస్త్రం. ముందు దుమ్ము లేవకుండా చూడాలి. షిఫ్టు చివర పొడి చీపురుతో ఊడుస్తుంటే, లేదా గాలిగొట్టంతో బెల్టు మీది దుమ్ము ఊదుతుంటే, వెంటనే ఆపించు. రోజంతా పీల్చినదానికి సమానంగా ఆ పావుగంటలో పీల్చేస్తారు అని నా అనుమానం. మంచి ఫిల్టరున్న పీల్చే యంత్రం తెప్పించు, అది వచ్చేదాకా నేల కాస్త చెమ్మ చేసి తీయించు. నీళ్లు పారబోయించకు, తేమ మిగిలితే బూజుకే పండగ. బెల్టు పైన గాలిని బయటికి లాగే ఏర్పాటు దుమ్మును పనివాళ్ల ముఖం మీదుగా కాకుండా అవతలి వైపుకు లాగుతోందో లేదో ఒక దారప్పోగు పట్టుకుని చూస్తే తెలిసిపోతుంది.

ఎవరైనా సాయంత్రం చలి జ్వరం, ఒళ్లు నొప్పులు అని చెప్పి, మర్నాటికి తగ్గిందంటే, "ఏదో ఫ్లూ" అని కొట్టిపారేయకు. ఆ రోజు ఏ సంచులు చీల్చారో అడుగు. దుమ్ము ఎక్కువగా పీల్చిన కొన్ని గంటలకు అచ్చం ఇలాంటి జ్వరమే వస్తుంది. రాసిపెట్టుకుంటే ఏ పనిలో వస్తోందో బయటపడుతుంది.

ఇంకొకటి. చెత్త ఎత్తిపోసే బండి, లోడరు, నడిపేవాళ్లు అద్దాల కేబిన్‌లో కూర్చుంటారు, వాళ్లకేం అని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను, ఒకసారి కేబిన్ ఏసీ ఫిల్టరు బయటికి లాగేదాకా. తెల్లటిదాన్ని పెట్టారట. నా చేతికి వచ్చింది మాత్రం తడిసిన కంబళి ముక్కలా, ముదురు ఆకుపచ్చ మచ్చలతో ఉంది. పెట్టి ఎంతకాలమైందో అక్కడ ఎవరికీ గుర్తులేదు.

మొదటి రోజు మాస్కు పెట్టుకుని నీ లోడరు ఫిల్టరు తీయించి చూడు. ఏ రంగులో ఉందో నాకు రాయి.

నీ
రఘు