అమ్మవారి గుడి ఉన్నంత మాత్రాన సరిపోదు

సంపాదకుల వారికి,

జాతరల కాలం వస్తే చాలు, "పూర్వం అమ్మతల్లిని కొలిచిన చోటల్లా ఆడవాళ్లదే పెత్తనం" అన్న మాట మన కోనసీమలో మైకుల్లో వినిపిస్తుంది. తవ్వకాలు అంత తేలిగ్గా ఆ మాటను ఒప్పుకోవు.

ఆడవాళ్ల పెత్తనానికి సాక్ష్యంగా ఎక్కువమంది చూపేది టర్కీలోని చాతల్‌హోయుక్‌. దాదాపు 9 వేల ఏళ్ల నాటి ఊరు. 1961లో పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ మెల్లార్ట్‌కు అక్కడి ధాన్యపు గాదెలో, అమ్మతల్లిదని చెప్పే మట్టిబొమ్మ దొరికింది: అటూ ఇటూ రెండు చిరుతలు, మధ్యన కూర్చున్న నిండైన స్త్రీ. ఫొటోల్లో మనం చూసే తల ఆనాటిది కాదు, తర్వాత అతికించింది. పైగా అక్కడ దొరికిన బొమ్మల్లో జంతువులవే ఎక్కువ.

గట్టి ఆధారం ఎముకల్లో ఉంది. 1993 నుంచి తవ్విన ఇయన్ హోడర్ బృందం ఎముకల్లోని కార్బన్, నైట్రోజన్ ఐసోటోపులు (తిన్న తిండిని పట్టించే పరమాణు రకాలు) కొలిపించింది. ఆడా మగా తిన్న తిండి దాదాపు ఒకటే. పక్కటెముకల లోపలివైపు చేరిన పొయ్యి మసిలోనూ తేడా లేదు, అంటే ఇంట్లో ఇద్దరూ గడిపిన సమయమూ దాదాపు ఒకటే. ఇద్దరినీ ఇంటి అరుగుల కిందే ఒకే తీరున పూడ్చారు. అక్కడి సమానత్వం నిజమే, కానీ అది తెలిసింది బొమ్మను బట్టి కాదు.

ఇష్తార్‌ దేవతను కొలిచిన ప్రాచీన బాబిలోన్‌లో రాజు హమ్మురాబి శాసనం 132వ నిబంధన చూడండి: పరపురుషుడి పేరుతో నింద పడితే చాలు, పట్టుబడకపోయినా భార్య నదిలో దూకాలి. ఎథీనా దేవత పేరిట వెలసిన ప్రాచీన ఏథెన్స్‌లో స్త్రీకి ఓటు లేదు. మన శాతవాహన రాజులు తల్లి పేరుతో గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అనిపించుకున్నారు, సింహాసనం మాత్రం తండ్రి నుంచి కొడుక్కే వెళ్లింది.

మన దగ్గరా అంతే. అమ్మవారికి చలిమిడి, చద్ది నైవేద్యం వండేది ఆడవాళ్లు. గరగ (అమ్మవారి అలంకరించిన కుండ) ఎత్తేదీ, జాతర లెక్కలు చూసేదీ ఎక్కువగా మగవాళ్లు. ఆడపడుచును జాతరకు పిలిచి చీర పెట్టి, భూమిలో హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించుకునే ఇళ్లు డెల్టాలో తక్కువేం కావు.

స్త్రీ గౌరవం గురించి మాట్లాడే పెద్దలు ఇదీ మైకులో చెప్పాలి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచే ఉంది, అప్పటికి పెళ్లైనవారికి తప్ప. 2005 కేంద్ర సవరణతో పెళ్లైన కూతురికీ వచ్చింది. తండ్రి అప్పటికి బతికి ఉండాలన్న షరతు లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలను తిరగదోడడం కుదరదు కాబట్టి, సంతకం పెట్టేముందు పాత దస్తావేజు నకలు తీయించుకుని తేదీ చూసుకోవాలి.

– చరిత్ర అధ్యాపకురాలు, అమలాపురం