మోకాలు చూపిస్తే తుంటి చూసిన డాక్టరమ్మకి

విశాఖలో గోపాలపట్నం వైపు ఒక అర్బన్ హెల్త్ సెంటర్‌లో పనిచేసే డాక్టరమ్మకి నలుగురిలో దండం పెట్టాలని ఇది రాస్తున్నాను. అడగలేదు కాబట్టి ఆవిడ పేరు రాయడం లేదు.

మా బాబుకి 12 ఏళ్లు, కాస్త బొద్దుగా ఉంటాడు. ఆరు వారాలుగా కుడి మోకాలు నొప్పి అంటున్నాడు. ఒకచోట మోకాలికి ఎక్స్‌రే తీసి, ఏమీ లేదు, ఎదిగే వయసు నొప్పులు అన్నారు. రోజూ రాత్రి నూనె రాసి స్కూలుకి నడిపించాను. అది తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

డాక్టరమ్మ ముందు వాణ్ణి గుమ్మం దాకా నడిపించి చూశారు. పాదం బయటికి తిరిగి ఉంది. బల్ల మీద పడుకోబెట్టి మోకాలు నొక్కితే నొప్పి లేదు. కాలు మడిచి తొడని పొట్ట వైపు తెస్తుంటే మాత్రం తిన్నగా రాకుండా పక్కకి ఒరిగిపోయింది. లోపలికి తిప్పబోతే వాడు బల్ల అంచు గట్టిగా పట్టేసుకున్నాడు.

"తుంటికీ మోకాలికీ వెళ్లే నరం ఒకటేనమ్మా. తుంటిలో తేడా వస్తే పిల్లలు మోకాలు చూపిస్తారు" అన్నారు. జ్వరం ఉందా అని రెండుసార్లు అడిగారు. జ్వరం వచ్చి కాలు మోపలేకపోతే కీలులో చీము పట్టిందేమోనని ఆ రోజే చూడాలట. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలైతే తొడ ఎముక తలకి, అంటే తుంటి కీలులో కూర్చునే పై గుండుకి, రక్తం అందని జబ్బు ఉందేమో చూస్తారట. మావాడి వయసుకి, ఒంటికి తొడ ఎముక తల జారిందేమోనని ఆవిడ అనుమానం.

"ఇక ఒక్క అడుగు కూడా వేయనివ్వకండి" అని ఆటో గుమ్మం దగ్గరికి రప్పించారు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) ఎముకల విభాగం వాళ్లకి ఫోన్ చేసి, ఉత్తరం రాసిచ్చారు. ఎన్నాళ్ల నొప్పి, జ్వరం లేదు, తుంటి లోపలికి తిరగడం లేదు, రెండు తుంటులకీ ఎక్స్‌రే కావాలి, ఒకటి తిన్నగా, ఒకటి కప్పలా కాళ్లు విప్పి, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆ కాగితం చూడగానే స్ట్రెచర్ తెచ్చారు, మళ్లీ మోకాలి దగ్గర మొదలుపెట్టలేదు. ఎముక జారిన మాట నిజమే. ఇంకా జారకుండా మర్నాడే స్క్రూ వేశారు.

ఆ రాత్రి ఎనిమిదింటికి డాక్టరమ్మే ఫోన్ చేసి "బాబు భోంచేశాడా?" అని అడిగారు. టెన్షన్‌లో సరిగ్గా జవాబు కూడా చెప్పలేకపోయాను. భోంచేశాడమ్మా. ఇప్పుడు చంకకర్రలతో హాల్లో తిరుగుతున్నాడు. రెండో కాలు మీద కూడా కన్నేసి ఉంచమన్నారు, ఉంచుతున్నాం. డాక్టర్లు నడవమన్న రోజు ముందు మీ దగ్గరికే తీసుకొస్తాను.