రుజువులు వెతకడం మన పని కాదు

ఎడిటర్ గారికి,

బడిలోనో హాస్టల్లోనో బిడ్డపై లైంగిక దాడి వార్త వచ్చినప్పుడు, విషయం యాజమాన్యానికి ముందే తెలిసినా తమ స్థాయిలో విచారణ చేసుకుంటూ రోజులు గడిపారన్న సంగతి చాలాసార్లు లోపలి పేరాల్లో కనిపిస్తుంది. చదివేవారికి అది బాధ్యతగానే అనిపించవచ్చు. పిల్లల రక్షణ పనిలో ఉన్న మాకు మాత్రం కేసు నీరుగారేది అక్కడేనని తెలుసు.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడేందుకు తెచ్చిన 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ చాలా స్పష్టంగా ఉంది. 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం కలిగినా పోలీసులకు చెప్పితీరాలి. ఆడపిల్లయినా మగపిల్లాడైనా ఒకటే చట్టం. టీచరు, డాక్టరు, మేనమామ, పక్కింటివారు, ఏ పెద్దవారికీ మినహాయింపు లేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడి నేరాన్ని చెప్పకుండా దాచిన సంస్థ బాధ్యుడికైతే ఏడాది వరకు జైలు, జరిమానా. రుజువులు తెచ్చి చూపమని చట్టం ఎక్కడా అడగలేదు. మంచి ఉద్దేశంతో చెప్పిన సమాచారం రేపు కోర్టులో నిలవకపోయినా చెప్పినవారిపై కేసు ఉండదని 19(7) హామీ ఇస్తోంది. శిక్ష పడేది కక్షతో అబద్ధం చెప్పిన పెద్దవారికే.

సొంత విచారణ ఎలా సాగుతుందో చూడండి. క్లాస్ టీచర్ ఒకసారి, హెచ్‌ఎం ఒకసారి, కరస్పాండెంట్ ఒకసారి, కొన్నిచోట్ల నిందితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి మరోసారి అడుగుతారు. బెదిరిన బిడ్డ చెప్పిందే మళ్లీ చెప్పలేకపోతుంది. మాట అటూ ఇటూ అవుతుంది, ఆ తేడాలనే తర్వాత డిఫెన్స్ లాయర్ పట్టుకుంటాడు. ఈలోగా నిందితుడికి ఉప్పందుతుంది. ఫోన్లో చాటింగ్ చెరిగిపోతుంది, సీసీ కెమెరా పాత ఫుటేజీ మీద కొత్తది రికార్డవుతుంది, పెద్దమనుషులు రాజీకి కూర్చుంటారు. పోక్సో నేరానికి ఊరి పంచాయితీలో రాజీ అన్నది లేనే లేదు.

బిడ్డ నోరు విప్పినప్పుడు పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టి వినండి. "నాతో చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేం లేదు" అంటే చాలు. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి, ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. అడగాల్సివస్తే "ఏం జరిగిందమ్మా?" అని అడగండి. "ఫలానా అన్న నిన్ను ఇలా పట్టుకున్నాడా?" అంటే జవాబు మీరే అందించినట్టు. తర్వాత తేదీ, సమయం వేసి, బిడ్డ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టండి. "ట్యూషన్ అన్న దగ్గరికి నేను పోను, ఉచ్చ పోసుకుంటే మంటగా ఉంది" అని బిడ్డ అంటే కాగితం మీదా అదే ఉండాలి. "లైంగికంగా వేధించినట్టు తెలిపింది" అని పెద్దల భాషలోకి మారిస్తే ఆ మాటకున్న బలం పోతుంది.

ప్రమాదం అప్పటికప్పుడే ఉంటే అత్యవసర నంబరు 112కు, లేకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. 1098 రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, మీ పేరు చెప్పనక్కర్లేదు. లైంగిక నేరమైతే వాళ్లు పోలీసులకు చేరవేయాలి. బిడ్డ వయసు అంచనాగా, ఇంటి గుర్తు, మీరు ఏం చూశారో, ఎప్పుడు చూశారో చెప్పండి. అందరూ మరిచిపోయేది మరొకటి ఉంది: అనుమానం ఉన్న మనిషి ఇప్పుడు బిడ్డతోనే ఉన్నాడా, రేపు ఏ వేళకు బిడ్డ ఎక్కడ దొరుకుతుంది? అది తెలియకపోతే వచ్చినవాళ్లు నేరుగా ఆ మనిషి ఉన్న ఇంటి తలుపే తడతారు.

స్టేషన్‌కు వెళ్తే సమాచారాన్ని రాసుకుని, మీకు చదివి వినిపించి, నమోదు నంబరు వేయాలి. ఆ నంబరు అడిగి తీసుకోండి. "మా పరిధి కాదు" అన్న మాట చెల్లదు, పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 173వ సెక్షన్ జీరో ఎఫ్‌ఐఆర్‌కు, అంటే నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా కేసు నమోదుకు వీలిస్తోంది. అయినా తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోగానీ, బిడ్డ కోరుకున్న చోటగానీ తీసుకోవాలి. అది కూడా యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారితో. రాత్రిపూట ఏ కారణంతోనూ బిడ్డను స్టేషన్లో ఉంచకూడదు. 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు పోలీసులే తెలపాలి.

దాడి జరిగి ఎక్కువసేపు కాకపోతే స్నానం చేయించకండి, బట్టలు ఉతకకండి. బట్టలను ఆరనిచ్చి కాగితం కవర్లో పెట్టాలి, ప్లాస్టిక్ కవర్లో చెమ్మ చేరి ఆధారం పాడవుతుంది. ఎఫ్‌ఐఆర్ లేకున్నా ఆసుపత్రి పరీక్ష చేయాల్సిందే. ప్రైవేటు ఆసుపత్రి కూడా ఉచితంగా ప్రథమ చికిత్స ఇవ్వాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, కాబట్టి తెల్లారేదాకా ఆగడం కూడా మంచిది కాదు.

నిర్లక్ష్యం సంగతి వేరు. ఒక్క రోజు చూసి తేల్చలేం. పుండుకు వారాల తరబడి వైద్యం లేకపోవడం, ఐదేళ్ల పిల్లను గదిలో పెట్టి తాళం వేసి పనికి వెళ్లడం, రోజూ పస్తుతో బడికి రావడం వంటివి తేదీలతో రాసిపెట్టుకుని 1098కి గానీ, బాలల సంక్షేమ సమితికి గానీ, జిల్లా బాలల సంరక్షణ విభాగానికి గానీ చెప్పాలి. "పిల్లను లాక్కుపోతారేమో" అన్న భయంతోనే చాలామంది వెనకాడతారు. సమితి ముందుగా ఇంటి పరిస్థితిపై నివేదిక తెప్పించుకుంటుంది. కారణం పేదరికమే అయితే బిడ్డను ఇంట్లోనే ఉంచి, అర్హతను బట్టి కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు రూ.4,000 సాయం ఇప్పించే వీలుంది. కావాలని నిర్లక్ష్యం చేసేవారికి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ వర్తిస్తుంది.

మీ పత్రికకు రెండు విన్నపాలు. ఇలాంటి వార్త వేసిన ప్రతిసారీ కింద 1098 నంబరు అచ్చు వేయండి. పేరు తీసేసినా బడి పేరు, వీధి, తండ్రి చేసే పని రాస్తే ఊళ్లో అందరికీ ఆ బిడ్డ ఎవరో తెలిసిపోతుంది. పోక్సో 23వ సెక్షన్ వాటినీ నిషేధించింది. జిల్లా ఎడిషన్ల డెస్కులకు ఈ మాట మరోసారి గట్టిగా చెప్పండి.

ఇట్లు,
బాలల రక్షణ కార్యకర్తలు,
వరంగల్