మా నాన్న సంతకం ఫ్రేము కింద ఉండిపోయింది: కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మా నాన్న పెయింటరు. ఆయన్ని ఆర్టిస్టు అని ఎవరూ అనలేదు, ఆయనా అనుకోలేదు. సినిమా హాళ్ళకి కటౌట్లు, ఎన్నికలొస్తే గోడల మీద గుర్తులు, కొట్లకి బోర్డులు, ఇవి కాక పోయినవాళ్ళ ఆయిల్ పెయింటింగులు. రేషన్ కార్డు మీది స్టాంపంత ఫొటో తెచ్చి "మా తాతని కుర్చీలో కూర్చోబెట్టి వెయ్యండి" అనేవాళ్ళు. నాన్న ఆ ఫొటో మీద సన్నటి పెన్సిల్‌తో గళ్ళు గీసి, కేన్వాసు మీద అన్నే గళ్ళు పెద్దవి గీసి, ఒక్కో గడిలో ఏముందో చూసుకుంటూ మొహం దించేవారు. మెడ కింద నుంచి అంతా ఊహే. బతికుండగా ఆ తాత ఏం కట్టాడో గానీ బొమ్మలో మాత్రం జరీ అంచు పంచె ఉండి తీరాల్సిందే, లేకపోతే ఇంటివాళ్ళు ఒప్పుకునేవారు కాదు.

1986లో ఒక లాడ్జి యజమాని హాల్లో పెట్టుకోవడానికి పశువుల సంత వెయ్యమన్నాడు. ఆరడుగుల కేన్వాసు, ఇరవై రోజుల పని, 1,200 రూపాయలు, రెండు పూటలా భోజనం. లాడ్జి చేతులు మారింది, సామాను ఎక్కడెక్కడికో పోయింది. రెండేళ్ళ కిందట ఫోన్లో ఏదో చూస్తుంటే ఒక వేలం పేజీలో ఆ సంత కనబడింది. "పల్లె దృశ్యం, చిత్రకారుడు తెలియదు", ధర రెండు లక్షల పైమాట. కొత్తగా వేసిన వెడల్పు ఫ్రేము కింద అంచుని రెండంగుళాలు మింగేసింది. నాన్న సంతకం ఉండేది అక్కడే.

ఆ రోజు నుంచి నాకు చట్టం చదివే పిచ్చి పట్టింది. నేను లాయర్ని కాదు, తప్పుంటే మీ అధికారులు సరిదిద్దవచ్చు.

మన కాపీరైట్ చట్టంలో 53ఎ అని ఒక సెక్షన్ ఉంది, 1994 సవరణతో వచ్చింది. ఒక బొమ్మ అసలు ప్రతి పదివేల రూపాయలు దాటి మళ్ళీ అమ్ముడుపోతే, ఆ ధరలో వేసినవాడికి, అతను లేకపోతే వారసులకి, వాటా అడిగే హక్కు ఉంది. పది శాతానికి మించకూడదు, అంతే. కాపీరైట్ ఉన్నన్నాళ్ళూ, అంటే వేసినవాడు పోయాక కూడా అరవై ఏళ్ళ దాకా. చదవగానే గుండె నిండింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

తర్వాత ఇంకొంచెం చదివాను. ఈ హక్కు 17వ సెక్షన్ ప్రకారం ఆ బొమ్మ కాపీరైట్‌కి "మొదటి యజమాని" అయిన చిత్రకారుడికే. అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది: ఎవరైనా డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న బొమ్మకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని వేయించుకున్నవాడే. అంటే తోచింది గీసి గేలరీలో వేలాడదీసినవాడికి హక్కు ఉంది, ఆర్డరు తీసుకుని గీసినవాడికి లేదు. ఆర్డరు కోసం ఎదురుచూడకుండా తనకి తోచింది గీసుకుంటూ కూర్చోగలిగేది ఎవరు సార్? ఇంట్లో నెల గడిచే దారి ఇంకోటి ఉన్నవాళ్ళు, లేదా పస్తులకి తెగించినవాళ్ళు.

మన దేశంలో బొమ్మలు వేసినవాళ్ళంతా ఒకే గుమ్మంలోంచి రాలేదు. హుస్సేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి బతికాడు. తయ్యబ్ మెహతా మొదట్లో సినిమా ఎడిటింగ్ పని చేశాడు. బాపు గారు లా చదివారు. వడ్డాది పాపయ్య గారి బొమ్మని, వ.పా. అన్న రెండక్షరాలు చూసి, పత్రిక తెరవకముందే జనం గుర్తుపట్టేవాళ్ళు. భూరీబాయి భోపాల్‌లో భారత్ భవన్ అనే కళాకేంద్రం కడుతుంటే అక్కడ కూలిపనికి వచ్చిన భీలు ఆదివాసీ ఆడమనిషి. స్వామినాథన్ అనే చిత్రకారుడు మీ ఇళ్ళ గోడల మీద వేసుకునే బొమ్మలు కాగితం మీద వెయ్యమంటే వేసింది, 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆ సమయానికి అక్కడ అలా అడిగే మనిషి లేకపోతే ఆమె ఇటుకలు మోసి వెళ్ళిపోయేది, మనకి తెలిసేది కూడా కాదు.

తెలంగాణలో చేర్యాల పటాలు గీసే నకాషీల సంగతి చూడండి. ఖాదీ గుడ్డకి చింతగింజల గుజ్జు, సుద్దమట్టి కలిపి పట్టించి, వెనక ఎర్ర రంగు వేసి దాని మీద కులపురాణం మొత్తం బొమ్మలుగా దించితే, కథ చెప్పేవాళ్ళు ఆ పటం చుట్టుకుని ఊరూరా తిరిగేవాళ్ళు. ఒక్కో పటం నలభై యాభై అడుగులు. ప్రతి పటమూ ఆర్డరే. పాత పటాలు ఇప్పుడు మ్యూజియంలలో, డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో ఉన్నాయి. వాటి మీద వేసినవాళ్ళ పేరు కోసం వెతకండి.

రెండో వైపు చూస్తే, 2025 ఏప్రిల్‌లో మన దేశంలోనే జరిగిన వేలంలో తయ్యబ్ మెహతా 1956లో వేసిన కట్టేసిన ఎద్దు బొమ్మ 61.8 కోట్లకి పోయింది. ఆయన 2009లో చనిపోయారు కాబట్టి కాపీరైట్ ఇంకా చాలా ఏళ్ళు ఉంది. అంతకు ముందు నెలే హుస్సేన్ 'గ్రామయాత్ర' న్యూయార్కులో 1.37 కోట్ల డాలర్లకి పైగా పలికింది. 1954లో ఒక నార్వే డాక్టరు దాన్ని 1,400 రూపాయలకి కొన్నాడట. అక్కడ అమ్మితే మన చట్టం వర్తించదు, అది నాకూ తెలుసు. కానీ ఇక్కడ అమ్మినా అంతే కదా! వాటా ఎంతో తేల్చాల్సిన కాపీరైట్ బోర్డుని 2017లో ఇంకో ట్రిబ్యునల్‌లో కలిపేశారు, 2021లో ఆ ట్రిబ్యునల్‌నే ఎత్తేశారు. ఇప్పుడు వాటా కావాలంటే కోర్టు మెట్లెక్కాలి. భూరీబాయి లాంటి వాళ్ళు, మా నాన్న లాంటి వాళ్ళు ఎక్కుతారా?

ఫ్రాన్స్‌లో ఇలాంటి చట్టం 1920 నుంచే ఉంది. ఆస్ట్రేలియాలో 2010 నుంచి మళ్ళీ అమ్మిన ధరలో 5 శాతం చిత్రకారుడికి వెళ్తుంది. అమ్మేవాళ్ళు అమ్మకం సంగతి తెలియజేయాలి, వసూలు చేసి పంచడానికి ఒక సంస్థ ఉంది, చిత్రకారుడు కోర్టుకి పోనక్కర్లేదు. డబ్బు అందుకున్నవాళ్ళలో సగానికి పైగా అక్కడి ఆదివాసీ చిత్రకారులే. మనం చెయ్యలేమా అని అడగను, అలా అడిగితే కమిటీ వేస్తారు.

కాపీరైట్ మీ శాఖ కిందికి రాదు, వాణిజ్య శాఖది. ఆ సమాధానం నాకు ముందే తెలుసు, దయచేసి పంపొద్దు. చిత్రకారుడి బతుకు మీ శాఖదే కదా, మీరే వాళ్ళకి రాయండి. బొమ్మ మళ్ళీ అమ్మినప్పుడల్లా ఆ సంగతి ఒకచోట నమోదయ్యేలా చూడండి. వాటా రేటు ముందే ఖరారు చేయించండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆర్డరు మీద వేసిన బొమ్మకి కూడా ఆ వాటా వర్తించేలా 53ఎ మార్పించండి. కొన్నవాడి బొమ్మ కొన్నవాడిదే, అందులో నాకు పేచీ లేదు. అతను ఇంకొకరికి అమ్మి లాభం చేసుకున్నప్పుడు వందలో ఐదు వేసినవాడికి పోతే కొంప మునగదు.

వేలం వాళ్ళకి నేను మెయిలు పెట్టాను. డబ్బు అడగలేదు, పేరు వెయ్యమన్నాను. బిల్లు ఉందా, ఒప్పంద పత్రం ఉందా అని మర్యాదగానే అడిగారు. 1986లో లాడ్జి ఆయన జేబులోంచి తీసి లెక్కపెట్టిన నోట్లకి బిల్లేమిటి?

నాన్నకి ఇప్పుడు 78. ఫోన్లో ఆ బొమ్మ చూపిస్తే ధర అడగలేదు, "ఆకాశం నీలం నిలబడిందా?" అన్నారు. వేళ్ళతో పెద్దది చేసి చూపించాను. చాలాసేపు చూసి, "సంతకం పోతే పోయిందిలే, వెనక్కి తిప్పి చూడమను. పైచెక్క కింద ఏ రంగు ఎన్ని ట్యూబులు పట్టిందో పెన్సిల్‌తో లెక్క రాసుకున్నాను, నా రాతే" అన్నారు. ఆ మాటా రాసి పంపాను, జవాబు రాలేదు. ఆ బొమ్మని వెనక్కి తిప్పించి చూసే అధికారం మీ ప్రభుత్వంలో ఎవరికుందో చెప్పండి, ఈసారి వాళ్ళకే రాసుకుంటాను.

ఇట్లు,
ఒక బోర్డు పెయింటరు కొడుకు